తోట బంగళా ఎన్ని చేతులు మారింది?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. మా మామిడితోటలో పాత బంగళా ఒకటుంది, దొరల కాలం నాటిదంటారు, ఇప్పుడు మా పెదనాయన పేరు మీద ఉంది. ముందు ఎవరెవరిదో తెలుసుకునేదెట్లా? కడపలో బ్రౌన్ దొర బంగళా కూడా ఇట్లాగే చేతులు మారి కూలిపోయిందంట, నిజమేనా?

జవాబు: నిజమే తమ్ముడూ, ముందు దాని గురించే చెప్తా, తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. తెలుగు నిఘంటువు చేసిన సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు, బదిలీ మీద పోయి మళ్ళీ తిరిగొచ్చినాక తోటతో సహా బంగళా కొనుక్కున్నాడు, అందులోనే అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారి అజమాయిషీలో పండితులు, రాయసగాళ్ళు కూర్చుని తాటాకు ప్రతులు తెప్పించి సరిచూసి కాగితాలకెక్కించేవాళ్ళు, జీతాలన్నీ బ్రౌన్ సొంత డబ్బే, అందుకే దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. అంతటి ఇల్లు ఆయన పోయినాక మొండిగోడలైపోయింది. కడప రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి తిరగబట్టే, అప్పటికి స్థలం సొంతదారులైన కుటుంబం ఇచ్చిన చోట 1987లో బ్రౌన్ పేరు మీద లైబ్రరీకి పునాది పడింది, కడప ఎర్రముక్కపల్లెలో మీరు చూసేది అదే. 2006 నుంచి అది యోగివేమన యూనివర్సిటీ కింద ఉంది. వేమన పద్యాలు వెతికి అచ్చేయించిన మనిషి చోటు వేమన పేరున్న యూనివర్సిటీకే చేరింది చూడు, ఎంత బాగుందో!

ఇంక మీ బంగళా. సర్వే నంబరు పట్టుకో, పల్లెలో పాత కాగితాలన్నీ దాని మీదే నడుస్తాయి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాల. లింకు డాక్యుమెంట్లు ఉంటే ఇంకా మేలు, అమ్మినాయనకు ఆ ఆస్తి ఎట్లా వచ్చిందో అందులో రాసుంటుంది, అట్లా ఒక్కో మెట్టు వెనక్కి పోవచ్చు. తహసీల్దార్ ఆఫీసులో డైగ్లాట్, ఆర్ఎస్ఆర్ అనే పాత భూమి రిజిస్టర్లు చూస్తే అది ఇనామా, పట్టా భూమా, అప్పటి పట్టాదారు ఎవరు అనేది తెలుస్తుంది. ఒక్క చిక్కుంది, అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నవి ఈసీలో కనపడవు, ఆ గ్యాప్ పూడ్చేది మీ ఇంట్లో ముసలోళ్ళే. కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు మీ పెదనాయన దగ్గర ఒక పూట కూర్చో, ఆ తోటలో కాపలా ఉన్నోళ్ళ పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళనీ అడుగు, చెప్పింది చెప్పినట్టు ఫోన్లో రికార్డు చేసుకో.