లెగో ముక్కలతో నేను కట్టిన అంబాసిడర్ కారు ఇంకొకరి మోడల్‌లాగే ఉంటే కాపీ కొట్టినట్టేనా?

పోలిక ఉన్నంత మాత్రాన కాదు. అసలు అంబాసిడరే ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది! లెగో ముక్కల మీది బొడిపెలు 8 పట్టే వెడల్పులో ఆ గుండ్రటి బానెట్ తేవడానికి దారులు తక్కువ. అమలాపురంలో మా తమ్ముడూ నేనూ వేరే గదుల్లో కట్టినా గ్రిల్ ఒకేలా వచ్చింది. (వాడు ఇప్పటికీ నమ్మడు.)

ముక్కని పక్కకి తిప్పి హెడ్‌లైట్ బిగించడం ఆత్రేయపురం పూతరేకు మడతలాంటిది, ఎవరూ నాదనరు. కానీ ఒకరి ఫొటోలు పెద్దవి చేసి, ముక్క ముక్కా లెక్కపెట్టి కట్టి, రంగు మార్చి "నా డిజైన్" అంటే కాపీయే. ఇంట్లో పెట్టుకుంటే పర్లేదు. నలుగురికీ చూపిస్తే "డోర్లు ఫలానావారివి, డిక్కీ నాది" అని రాయండి. కట్టే విధానం పీడీఎఫ్‌గా అమ్మాలంటే మాత్రం ముందు వాళ్లని అడగాల్సిందే.