మేక దురద సూదితో తగ్గి మళ్లీ ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోసకోటె. సంతలో కొన్న మేక నెల తిరక్కుండానే చెవులు, మూతి గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. దురద సూది వేయిస్తే మూడు రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. పాత మేకలకూ అంటుకుంది. నా చేతుల మీద కూడా దద్దుర్లు లేస్తున్నాయి. రక్తం చెడిందంటున్నారు, నిజమేనా?

జవాబు: రక్తం చెడలేదండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది గజ్జి కావచ్చు. సార్కాప్టిస్ అనే సూక్ష్మమైన పురుగు చర్మం పైపొరను తొలుచుకుంటూ పోయి గుడ్లు పెడుతుంది. దాని లాలాజలం, మలం పడక మేక ఒంట్లోని రక్షణ కణాలు ఎదురుతిరుగుతాయి. దురద ఎక్కువగా అక్కడే పుడుతుంది. ఆ కణాలు పురుగును గుర్తుపట్టడానికి మొదటిసారి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, సంతలో మేక మీకు శుభ్రంగానే కనిపించి ఉంటుంది. ఒకసారి గుర్తుపట్టాక మళ్లీ పురుగు పడితే మాత్రం కొద్ది రోజుల్లోనే దురద మొదలవుతుంది.

ఈ రక్షణ కణాల్లో రకాలున్నాయి. చర్మంలో ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని వదులుతాయి. ఇయోసినోఫిల్ కణాలు వచ్చి చేరి వాపు పెంచుతాయి. టి-కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్-31 అనే పదార్థం నేరుగా నరాలనే తాకి దురద పుట్టిస్తుందని కుక్కల్లో, మనుషుల్లో తేలింది. పాతబడ్డ దురద ఒక్క హిస్టమిన్‌ని ఆపే మందుకు లొంగకపోవడానికి ఇదో కారణం.

మీరు వేయించిన సూది ఏదో రాయలేదు. అంత త్వరగా తగ్గిందంటే స్టెరాయిడ్ ఏమోనని నా అనుమానం. అది ఈ కణాలన్నిటినీ అణిచేస్తుంది. దురద ఆగుతుంది, కానీ పురుగును అదుపు చేసేవి కూడా ఆ కణాలే. మేక గోక్కోవడం లేదు కదా అని మనం నిశ్చింతగా ఉంటే లోపల గజ్జి పెరిగిపోతుంది. స్టెరాయిడ్ వల్ల చూడి మేకలకు గర్భం పోయే ప్రమాదం కూడా ఉంది. దయచేసి ఇక వేయించకండి.

ముందు పరీక్ష చేయించండి. మచ్చ అంచున, కొద్దిగా రక్తం చెమర్చే దాకా డాక్టరు చర్మం గీకి తీస్తారు. బెంగళూరులోని హెబ్బాళ పశువైద్య కళాశాలలో చూపించవచ్చు. గజ్జి అని తేలితే ఐవర్‌మెక్టిన్ 1 శాతం మందు 50 కిలోల బరువుకు 1 మి.లీ. లెక్కన చర్మం కింద వేస్తారు. గుడ్ల మీద ఈ మందు పనిచేయదు కాబట్టి 10-14 రోజులకు మళ్లీ వేయాలి. బాగున్న మేకలకూ అదే రోజు వేయించాలి. పాలిచ్చే మేకలుంటే ముందే చెప్పండి, వాటికి మందు మార్చాల్సి రావచ్చు. మాంసానికి అమ్మేవాటి విషయంలో, మందు వేశాక ఎన్ని రోజులు ఆగాలని సీసా మీద రాసి ఉంటే అన్ని రోజులు ఆగండి. దొడ్డిలో పాత గడ్డి తీసి కాల్చేయండి.

పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలో ఉన్నన్నాళ్లూ కణాలు శాంతించవు. రెండు మూడు వారాలు దురద ఉంటే టెన్షన్ పడి మందు మోతాదు పెంచకండి.

మేక గజ్జి పురుగు మనిషి ఒంటి మీద ఎక్కువ కాలం బతకదు. మేకలు బాగుపడితే మీ దద్దుర్లూ తగ్గుతాయి. ఇంట్లో ఎవరికైనా వేళ్ల సందుల్లో రాత్రిపూట దురద ఎక్కువగా ఉంటే మాత్రం అది మనుషుల గజ్జి కావచ్చు, చర్మ వైద్యుడికి చూపించండి.