రంగుకి 40 మార్కులేసి నేను తిన్న దెబ్బ

"పొగాకు గ్రేడింగులో రంగు, మందం, మచ్చలు, పొడవు... దేనికెంత వెయిటేజీ ఇస్తే ఎవరు చూసినా ఒకే గ్రేడు వస్తుంది?" అని అడిగారు. ఈ పిచ్చిలో పడి లేచినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మాది విశాఖ, పెదజాలరిపేట. మా మావయ్యకి కొయ్యలగూడెం వైపు రెండు బ్యారన్లు (పొగాకు ఆరబెట్టే కొట్లు) ఉన్నాయి. ఓ ఏడు వేలంలో ఆయన బేళ్లకి తక్కువ గ్రేడు పడితే నాకు ఒళ్లు మండి, ఎక్సెల్లో పట్టిక గీశా: రంగు 40, మందం 25, మచ్చలు 20, పొడవు 15. ఆయన అరుగు మీద పగటి వెలుతురులో ఇరవై ఆకులకి మార్కులేసి, ఆ కట్టే ఇంటికి తెచ్చుకున్నా.

మర్నాడు విప్పితే ఏముంది? సముద్రపు గాలికి ఆకంతా తడిగుడ్డలా మెత్తబడింది. చెమ్మకి రంగు ముదిరింది. పైగా మా హాల్లో ఎల్‌ఈడీ కింద నిమ్మపండు రంగూ నారింజ రంగూ ఒక్కలాగే ఉన్నాయి. సగానికి సగం ఆకుల గ్రేడు మారిపోయింది! ఒక ఆకుకి ఈనె పొడుగునా బూజు. మచ్చల దగ్గర 20కి సున్నా వేశా. మిగతావి నిండుగా పడేసరికి 80 మార్కులతో దర్జాగా పాసైంది. బూజాకు కొంటారా ఎవరైనా?

అప్పుడే వచ్చింది పక్కింటి మామ్మ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే మనిషి. నా ఫస్ట్ గ్రేడు ఆకు నలిపి, వాసన చూసి, "ఏటి బాబూ ఇది, ఎండిన అరిటాకునాగుంది. సుట్టకి పనికొస్తాదేటి?" అని విసిరేసింది. ఆవిడకి కావలసింది నల్లగా, మందంగా, ఘాటుగా ఉండే ఆకు. సిగరెట్లకి వాడే మా మావయ్య వర్జీనియా రకం పసుపు ఆకు ఆవిడ లెక్కలో దండగ.

కాబట్టి ముందు ఆకు దేనికో తేల్చండి. బూజు, పచ్చి ఉన్నవాటిని మార్కుల దాకా రానివ్వకండి, గుమ్మంలోనే ఆపెయ్యండి. చెమ్మ ఒక స్థాయికి తెచ్చాకే, పగటి వెలుతురులోనే చూడండి. మొక్క అడుగాకునీ నడిమాకునీ ఒకే పట్టికలో తూచకండి, అడుగాకు పలచగా ఉండటం దాని తప్పు కాదు. రంగుకి 25 దాటితే నేనొప్పుకోను.

అసలు రోగం వేరే ఉంది లెండి. సరుకు ఎక్కువైన ఏడు కొనేవాళ్ల కళ్లకి భూతద్దాలొస్తాయి, కొరత ఏడు అదే మచ్చ కనపడదు. దానికి ఎన్ని మార్కులేస్తారో మీరే చెప్పండి. నా కట్ట బీరువా మీద మూడు నెలలుంది. చీరలకి పట్టిన కంపు సంగతి మా ఆవిణ్ణి అడగండి.