డార్ట్స్‌లో ఛాంపియన్ కావాలనుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బోర్డు మీదికి విసిరిన మూడు డార్ట్‌లూ, అదే ఆ చిన్న బాణాలు, ట్రిపుల్ ఇరవైలో, అంటే ఇరవైకి మూడింతలు వచ్చే గడిలో పడి 180 వచ్చిందని రాశావు. చదివి పొంగిపోయాను. కానీ ఆ ఆట గెలిచావో లేదో రాయలేదు తల్లీ.

501 నుంచి వచ్చిన పాయింట్లు తీసేస్తూ దిగి, ఆఖరి డార్ట్ డబుల్‌లో, అంటే బోర్డు అంచున అంకెకు రెట్టింపు వచ్చే సన్నటి వలయంలో వేసి సున్నా చేయాలి. ఆ డబుల్ గడి వెడల్పు సెంటీమీటరు కూడా ఉండదు. నువ్వు నిలబడే గీత 2.37 మీటర్ల దూరంలో ఉంటుంది. గెలవవలసిన మ్యాచ్‌లు చేజారడం నేను ఎక్కువగా చూసింది అక్కడే. అందుకే సాధనలో సగం సమయం డబుల్స్‌కే కేటాయించు. ముందుగా డబుల్ పదహారును పట్టుకో. 32 మిగిలినప్పుడు డార్ట్ కాస్త లోపలికి, రెట్టింపు లేని పదహారులో పడితే 16 మిగులుతుంది, అప్పుడు డబుల్ ఎనిమిది. అదీ అలాగే తప్పితే డబుల్ నాలుగు, తరవాత రెండు, ఆపైన ఒకటి. అదే 40తో మొదలుపెట్టి మూడుసార్లు లోపలికి వేస్తే అయిదు మిగులుతుంది. దాన్ని సరిసంఖ్య చేయడానికి ఒక డార్ట్ ఖర్చు. గురి తప్పుతుందని ముందే ఒప్పుకుని దారి ఎంచుకోవడం ఈ ఆటలో పిరికితనం కాదు.

ట్రినా గలివర్ గురించి అడిగావు. ఆమె వడ్రంగి పని నేర్చిన మనిషి. బీడీఓ (బ్రిటిష్ డార్ట్స్ ఆర్గనైజేషన్) మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2001లో మొదలైతే, వరసగా ఏడేళ్లు ఆమే గెలిచింది. అందరూ చెప్పేది ఆ ఏడు గురించే. నాకు గొప్పగా తోచేది ఆ తరవాతి కాలం. 2008లో ఫైనల్‌లో ఓడింది. 2009లో మళ్లీ ఫైనల్‌కు వచ్చి, తన చేతిలో ఎన్నోసార్లు ఓడిన ఫ్రాన్సిస్ హొయెన్‌సెలార్ చేతిలో ఓడింది. అయినా 2010, 2011లలో గెలిచింది. అయిదేళ్ల తరవాత, 46 ఏళ్ల వయసులో, డెటా హెడ్‌మన్‌పై 3-2తో పదో టైటిల్ అందుకుంది. హొయెన్‌సెలార్ ఓపికనూ మరిచిపోకు. అన్ని ఫైనల్స్ ఓడి కూడా మళ్లీ అదే గీత దగ్గరికి వచ్చింది.

మగవాళ్లున్న పోటీలకూ పేరు ఇవ్వు. ఇక్కడ కండబలంతో పనిలేదు. 2019 డిసెంబరులో ఫాలన్ షెరాక్ పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో టెడ్ ఎవెట్స్‌ను ఓడించి, అక్కడ మ్యాచ్ గెలిచిన తొలి మహిళ అయింది. తరవాతి రౌండ్‌లో మెన్సూర్ సుల్యోవిచ్‌నూ ఓడించింది.

ఒక్క భయం మాత్రం నీతో చెప్పాలి. ఎప్పుడైనా చెయ్యి ముందుకు వెళ్లినా వేళ్లు డార్ట్‌ను వదలకపోవచ్చు. దాన్ని డార్టైటిస్ అంటారు. బో గ్రీవ్స్ అంతటి క్రీడాకారిణికే అది వచ్చింది, ఆమె దాచుకోకుండా చెప్పింది. నీకు వస్తే ఆ రోజే నాకు రాయి, ఒక్కదానివే కుమిలిపోకు.

వచ్చే ఉత్తరంలో 180ల లెక్క వద్దు. డబుల్ పదహారుకు వంద డార్ట్‌లు వేసి, ఎన్ని పడ్డాయో రాయి. తక్కువైనా ఉన్న అంకే రాయి.

నీ పెద్దమ్మ