జో అధ్యాయం చదవబోయే ముందు

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. పాత పుస్తకాలను వాలంటీర్లు చదివి ఉచిత ఆడియోగా పెట్టే లిబ్రివాక్స్‌లో, డికెన్స్ నవల ‘బ్లీక్ హౌస్’ను తలా కొన్ని అధ్యాయాలు పంచుకుని చదివే గ్రూప్ రీడింగ్‌కి పేరిచ్చావనీ, 47వ అధ్యాయం అడిగి మరీ తీసుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. వీధులు ఊడ్చే జో చనిపోయే అధ్యాయమది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మైకు ముట్టుకునే ముందు ఆ అధ్యాయాన్ని రెండుమూడు సార్లు పైకి చదువు. కళ్లతో చదివితే చాలదు. డికెన్స్ వాక్యం ఎక్కడ తేలుతుందో ముందే తెలియకపోతే సగంలో ఊపిరి అయిపోతుంది, వినేవాళ్లకు ఎవరు ఏం చేశారో అంతుపట్టదు. ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకో. ఈ నవల 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలనెలా భాగాలుగా వచ్చింది. ఆ కాలంలో ఒకరు చదువుతుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని వినే అలవాటుండేది. పైకి చదివిన కొద్దీ వాక్యాల నడక నీకే పట్టుబడుతుంది.

ఇందులో కథ చెప్పే గొంతులు రెండు. నవలలో ముఖ్యపాత్ర ఎస్తేర్ తన కథ తాను చెప్పుకుంటుంది. రెండో గొంతుకు పేరు లేదు, అంతా ఇప్పుడే కళ్లముందు జరుగుతున్నట్టు చెబుతుంది. నీ అధ్యాయం ఆ రెండోదానిది. ఎస్తేర్‌లా మెత్తగా చదివితే అతకదు.

యాస గురించి టెన్షన్ పడకు. లిబ్రివాక్స్ 2005లో మాంట్రియల్‌లో హ్యూ మెక్‌గైర్ మొదలుపెట్టిన పని. ఏ యాసవాళ్లనైనా అక్కడ రమ్మంటారు. ఇంగ్లండ్ యాస తెచ్చిపెట్టుకుంటే రెండు పేజీలకే జారిపోతుంది, మన నోటితోనే చదువు. ఒక్క జో మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. మనవాళ్లం ‘వి’, ‘డబ్ల్యూ’ ఒకేలా పలికేస్తాం. జో ‘వెరీ’ అనే మాటను డికెన్స్ ‘డబ్ల్యూ’తో రాశాడు, అక్కడ పెదాలు గుండ్రంగా చుట్టాలి. ‘నథింగ్’ చివర ‘కె’ పెట్టి రాశాడు, ఆ ‘క్’ వినిపించాలి. తప్పనుకుని దిద్దకు. చదువు చెప్పేవాళ్లు లేని పిల్లాడి మాట అది. రాసింది రాసినట్టు చదవాలన్నది లిబ్రివాక్స్ నియమం కూడా. నవలలో వచ్చే జార్న్‌డిస్ లాంటి పేర్లు మిగతావాళ్లు ఎలా పలుకుతున్నారో ముందే కనుక్కో.

చివర డాక్టర్ వుడ్‌కోర్ట్ ప్రార్థన ఒక్కో ముక్కా చెబుతుంటే జో తిరిగి అంటాడు. డాక్టర్ గొంతు నిలకడగా ఉంచు. జోది ముక్కముక్కకీ కాస్త తగ్గితే చాలు, మూలుగులు వద్దు. వాడి ప్రాణం పోయాక కథకుడు రాణిగారిని, ప్రభువులను, మతగురువులను పిలిచి పిలిచి ఆ చావు కబురు చెబుతాడు. అక్కడ గొంతులో ఏడుపు తెచ్చుకోకు, అరవకు. ఒక్కొక్కరినీ ఎదురుగా చూస్తూ చెబుతున్నట్టు, పిలుపుకీ పిలుపుకీ మధ్య ఆగి చదువు. నిజంగానే ఏడుపొస్తే రికార్డింగ్ ఆపేసి మర్నాడు చదువు. నాకైతే ఆ నవల మొత్తంలో అంత గట్టి చోటు ఇంకోటి లేదు. ఆఖరి వాక్యం అవగానే ‘అధ్యాయం పూర్తయింది’ అనేయకుండా రెండు క్షణాలు ఆగు.

ఇక మెషీన్ సంగతులు. ముందు ఒక నిమిషం టెస్ట్ పంపమంటారు, పంపు. ఫైలు 128 కేబీపీఎస్ ఎంపీ3, మోనో (ఒకే చానెల్) కావాలి, వాల్యూమ్ 89 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. రికార్డు చేసి కత్తిరించుకునే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమే, అది సరిపోతుంది. ఫ్యాన్ ఆపు, కుక్కర్ పెట్టని వేళ చూసుకో. చదవడంలో తడబడితే రికార్డింగ్ ఆపకుండా ఒక్కసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యం మొదటి నుంచి చదువు. స్క్రీన్ మీద ఆ చప్పుడు నిటారుగా లేచి కనిపిస్తుంది, కోసెయ్యడం తేలిక. నాయిస్ మరీ ఎక్కువగా తీసేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది.

ఒక సంగతి ముందే తెలుసుకో. నీ రికార్డింగ్ పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరి హక్కూ లేకుండా అందరి సొత్తుగా, పోతుంది. రేపు ఎవరైనా దాన్ని అమ్ముకున్నా అడగలేవు. దానికి మనసొప్పితేనే పంపు.

తప్పులు పట్టడానికి వినే ప్రూఫ్ లిజనర్ నీ రికార్డింగ్ విని, ఫలానా నిమిషం దగ్గర మాట పోయిందని రాస్తారు. చిన్నబుచ్చుకోకు. అదే గదిలో, మైకుకు అంతే దూరంలో కూర్చుని ఆ వాక్యం మళ్లీ చదివి అతికించు. పరీక్షలొచ్చో, జలుబు చేసో కుదరకపోతే ఈ పుస్తకం పని చూసే కోఆర్డినేటర్‌కి ఆ రోజే చెప్పెయ్. మొత్తం 67 అధ్యాయాలూ వచ్చేదాకా పుస్తకం బయటికి రాదు.

మీ పెద్దమ్మ