విండోస్‌లో తెలుగు పేరున్న ఫోల్డర్ నుంచి ఓపెన్‌సీవీ ఫొటో ఎందుకు చదవదు?

ఫైలు ఉందో లేదో చూసే ఓఎస్.పాత్.ఎగ్జిస్ట్స్ ట్రూ అంటోంది, అయినా ‘డి:\ఫొటోలు\పెళ్లి.జేపీజీ’ని ఓపెన్‌సీవీలో ఫొటో చదివే సీవీ2.ఇమ్‌రీడ్‌కి ఇస్తే నన్ (None, అంటే ‘ఏమీ లేదు’) వస్తోందంటే తప్పు మీ కోడ్‌లో లేదు.

విండోస్‌లో యూనికోడ్ పేర్లతో పైథాన్ 3కి ఇబ్బంది లేదు. కానీ ఓపెన్‌సీవీ అనే ఈ ఇమేజ్ లైబ్రరీ లోపల ఉన్నది సీ++. మీరిచ్చిన స్ట్రింగ్ అక్కడికి యూటీఎఫ్-8 బైట్లుగా చేరుతుంది, ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి 3 బైట్ల చొప్పున. ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్ మాత్రం వాటిని విండోస్ పాత కోడ్‌పేజీ, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక, ప్రకారం (చాలా మెషీన్లలో 1252) చదువుతుంది. అలా తయారైన పిచ్చి పేరుతో డిస్కులో ఏ ఫైలూ ఉండదు. పోనీ ఎక్సెప్షన్ విసురుతుందా అంటే అదీ లేదు. మహా అయితే కన్సోల్‌లో ఒక హెచ్చరిక వేసి, నన్ చేతిలో పెట్టి ఊరుకుంటుంది, తర్వాతెక్కడో రంగులు మార్చే సీవీటీకలర్ దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు సమస్యకన్నా ఈ మౌనమే ఎక్కువ టైమ్ తినేస్తుంది.

సిస్టమ్ లొకేల్‌ని (ఏ పాత కోడ్‌పేజీ వాడాలో చెప్పే విండోస్ సెట్టింగ్) తెలుగుకి మార్చమని ఎవరైనా చెబితే వినకండి. తెలుగుకి అలాంటి పాత కోడ్‌పేజీ విండోస్‌లో లేనే లేదు.

ఫైలు తెరిచే పని ఓపెన్‌సీవీకి అప్పగించకపోవడమే మందు. నమ్‌పై ఫ్రమ్‌ఫైల్‌తో, డీటైప్ యూఇంట్8 అని ఇచ్చి, బైట్లు చదవండి. ఆ బైట్ల ఎరేని (array) సీవీ2.ఇమ్‌డీకోడ్‌కి ఇవ్వండి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇమ్‌రీడ్_కలర్. సేవ్ చేసేటప్పుడూ ఇంతే: ఇమ్‌రైట్ బదులు ఇమ్‌ఎన్‌కోడ్, అది తిరిగిచ్చే జతలో రెండోదానికి టూఫైల్. ఇమ్‌ఎన్‌కోడ్‌కి ఇచ్చే ఎక్స్‌టెన్షన్‌కి ముందు చుక్క మర్చిపోవద్దు.

లైనక్స్‌లో పేరు అంటే బైట్లే కాబట్టి ఇమ్‌రీడ్ మామూలుగానే పనిచేస్తుంది.