పడుకుంటే దిగిపోతుందని వదిలేయకండి

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్. స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్లి తాగి వచ్చాడు. వాంతి చేసుకుని మొద్దులా పడిపోతే నిమ్మరసం పట్టి పడుకోబెట్టాం. పొద్దున బాగానే లేచాడు. మళ్లీ జరిగితే ఏం చేయాలి? వాళ్ల నాన్న కొడతానంటున్నారు.
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: నిమ్మరసం ఇంకెప్పుడూ పట్టకండమ్మా. మత్తులో మింగే పట్టు తప్పుతుంది. నోట్లో పోసిందైనా, వాంతి అయినా ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ల స్నానం కూడా మత్తును దించవు. దించేది కాలేయమే, అదీ గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలు చొప్పున. 42.8 శాతం విస్కీ క్వార్టర్‌లో (180 మి.లీ.) ఉండేది 60 గ్రాములు. ‘బీరేగా’ అని తేలిగ్గా తీసుకుంటారు గానీ, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 40 గ్రాములు, అంటే 60 మి.లీ. పెగ్గులు రెండు.

గబగబా తాగినవాడికి పడుకున్నాక కూడా కడుపులోని మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పదింటికి మాట్లాడినవాడు పదకొండింటికి పలక్కపోవచ్చు. అందుకే ఒంటరిగా వదలొద్దు. ఎడమ పక్కకు తిప్పి, పై కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెట్టండి. వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక దిండు, నోరు కాస్త కిందికి. పావుగంటకోసారి పిలిచి చూడండి, నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 8 కంటే తక్కువున్నా, రెండు ఊపిరుల మధ్య 10 సెకన్లు దాటినా, గిల్లినా కదలకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏం తాగాడో, మాత్రలేమైనా వేసుకున్నాడో పరువుకు జంకి దాచకండి.

ఇక కొట్టడం. కొడితే ఈసారి ఇంటికి రాడు, ఎవరి రూమ్‌లోనో పడుకుంటాడు. అక్కడ పక్కకు తిప్పేవాళ్లుండరు. మర్నాడు తలనొప్పి తగ్గాక మీరొక్కరే అడగండి: ఎంత తాగావు, ఎవరు కొన్నారు, ఇంటికి ఎలా వచ్చావు? ‘ఎందుకు తాగావు’ అంటే అబద్ధమే వస్తుంది. ‘ఏ రాత్రయినా ఫోన్ చెయ్, వచ్చి తీసుకెళ్తాం, అప్పుడు ఒక్క మాట అనం’ అని చెప్పండి. ఆ మాట మీవారూ నిలబెట్టుకోవాలి.

తెలంగాణలో 21 ఏళ్లలోపు వాళ్లకు మందు అమ్మకూడదు. 18 లోపు పిల్లలకు మందిస్తే బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఫంక్షన్లో ‘మగపిల్లాడివేగా’ అని గ్లాసు అందించే బాబాయిలకూ ఇది వర్తిస్తుంది, ఇంట్లో అందరికీ చెప్పండి.

నెలలో రెండోసారి జరిగినా, ఒంటరిగా తాగుతున్నట్టు తెలిసినా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.